ఏటికి పోవుటకు ముందు చూడవలసిన నీటి లెక్క

(పాఠశాలలో జరిగిన తల్లిదండ్రుల సభయందు విహారయాత్రల ఉపసంఘము పక్షమున చేసిన ప్రసంగము)



పై తరగతుల విద్యార్థులు ఈ సంవత్సరము మమ్ము ఒక కోరిక కోరిరి. శని ఆదివారములలో ఒకనాడు తమను ఏటికి తీసికొనిపోయి, పుట్టి యెక్కించి, తెడ్డు పట్టుట నేర్పవలెనని వారి కోరిక. ఈ సంగతి తెలిసినపుడు తల్లిదండ్రులలో కొందరు సంతోషించిరి. మరికొందరు, "ఏటితో ఆటలేల?" అనిరి. ఈ రెండు మాటలును మాకు న్యాయముగనే తోచినవి. నీటిని ఎరుగని బిడ్డ నీటిని చూచి కారణము లేకయే భయపడును, లేదా భయపడవలసినచోట భయపడకుండును. రెండును అపాయకరములే. కావున పోవుదమా, మానుదమా యను ప్రశ్నకు ముందు, ఎప్పుడు పోవలెను, ఎప్పుడు మానవలెను అను ప్రశ్నకు సమాధానము చెప్పుకొనవలసి యున్నది. దానినే నేడు మీ ముందుంచుచున్నాము.

మన పెద్దలకు నీటి లెక్క క్రొత్త గాదు. విజయనగర ప్రభువుల కాలమున, 1529 ప్రాంతమున విశ్వనాథ నాయకుడు మధురలో పాలన నెలకొల్పినది మొదలు తెలుగు కుటుంబములు గుంపులుగా ఈ దక్షిణదేశమునకు వచ్చెను. సైనికులు, సేద్యగాండ్రు, నేతగాండ్రు, వర్తకులు వచ్చిరి. కోయంబత్తూరు సీమలో నల్లరేగడి నేలలను దున్ని ప్రత్తి పండించినవారును వారిలో నున్నారు. వారు విడిచి వచ్చిన తుంగభద్రా తీరమున పుట్టి నిత్యవాహనము. 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన డొమింగో పాయెస్ అను పోర్చుగీసు యాత్రికుడు, బుట్టవలె గుండ్రముగా నుండి, లోపల బెత్తముతో అల్లి, పైన తోలు కప్పిన పడవలను అచట చూచినట్లు వ్రాసెను. అవి పదునైదు ఇరువది మందిని మోయుననియు, తిన్నగా పోక ఎల్లప్పుడును గిరగిర తిరుగుచుండుననియు ఆయన చెప్పెను. నేడు తోలునకు బదులు ప్లాస్టిక్కు పట్టాయు, తారుపూతయు వచ్చినవి. ఆ తిరుగుట మాత్రము మారలేదు. పుట్టికి అడుగు వెడల్పు. అందుచే లోతు తక్కువ నీటిలో కూడ తేలును. కాని దానికి ముక్కును లేదు, తోకయు లేదు. నిలుకడ నీటిలో అది పసిపిల్ల మాట వినును. ఉరవడి నీటిలో పుట్టి నడుపు నేర్పరి మాటయే వినుట కష్టము.

మధురలో తిరుమల నాయకుని కాలమున నిర్మితమైన వండియూరు మారియమ్మ తెప్పకుళమును ఇచట నున్న వారందరు చూచియే యుందురు. తై మాసమున అచట తెప్పోత్సవము జరుగును. వైగైనుండి కాలువద్వారా నీరు చేరినపుడే తెప్ప తేలును. నీరు చాలని యేండ్లలో తెప్ప తేలకయే ఉత్సవము జరిగినది. అమ్మవారి ఉత్సవమే నీటిమట్టమును బట్టి నడచుచుండగా మన విహారము నీటిమట్టమును బట్టి నడచుటలో చిన్నతనమేమియు లేదు.

ఇక ఏటి సంగతి. మనకు దగ్గరి నదులు మూడు: నొయ్యలు, వైగై, భవాని. నొయ్యలు వెళ్లింగిరి కొండలలో పుట్టి, కోయంబత్తూరు చెరువులను నింపుచు పోయి కావేరిలో కలియును. వానకాలము తప్ప దానిలో పుట్టి తేలునంత నీరుండదు. వానకాలమున పిల్లలను దింపరాదు. వైగై మధురయొద్ద సంవత్సరములో అధికభాగము ఇసుకతిన్నెయే. ఎగువన 1959లో ప్రారంభమైన వైగై ఆనకట్టనుండి నీరు విడిచినపుడే అది నది యగును. ఆ ఆనకట్ట పూర్తి మట్టము 71 అడుగులు. నీరు 66 అడుగులకు చేరగనే మొదటి వరద హెచ్చరికయు, 68.5 అడుగులకు రెండవదియు, 69 అడుగులకు మూడవదియు చేయుదురు. మధుర ఆకాశమున మేఘము లేకున్నను, తేని కొండలలో కురిసిన వాన మధుర వంతెనక్రిందికి వచ్చి చేరును. 1895లో ముగిసిన పెరియారు ఆనకట్ట మూలమున కేరళ కొండల వాన కూడ ఈ లోయలోనికే వచ్చుచున్నది. కావున వైగై ఇసుకలో ఆడుకొను బిడ్డల తల్లిదండ్రులు చూడవలసినది మధుర ఆకాశమును గాదు, వైగై ఆనకట్ట మట్టమును.

మిగిలినది భవాని. ఈ నది నీలగిరులలో పుట్టి, కేరళలోని అట్టప్పాడి సీమలో ప్రవేశించి, మరల తమిళనాటికి వచ్చి, పిల్లూరు ఆనకట్టను చేరును. అచటినుండి మేట్టుపాళయము మీదుగా భవానీసాగరమునకు పోయి, తుదకు భవాని పట్టణమువద్ద కావేరిలో కలియును. పిల్లూరు జలాశయపు వెనుక నీటియందు, కారమడై మీదుగా పోవు కొండదారిలో, పరళిక్కాడు అను అడవిపల్లె కలదు. అచట అటవీశాఖవారు, ఆ పల్లెల ఇరుళుల సాయముతో, శని ఆదివారములందు సందర్శకులను పుట్టులలో త్రిప్పుచు వచ్చిరి. ముందుగా అనుమతి పొందవలెను. పుట్టి నడుపువారును, వంట చేయువారును ఆ పల్లెల జనమే. కోయంబత్తూరు పిల్లలకు ఇంతకంటె తగిన తావు మాకు కనబడలేదు. హొగెనకల్లు పుట్టులు ప్రసిద్ధములే గాని అచట కావేరి రాళ్లమధ్య ఉరవడిగా పారును. బిలిగుండ్లువద్ద కేంద్ర జలసంఘమువారు నీటిని కొలుచుచుందురు. ప్రవాహము పెరిగినచో ధర్మపురి కలెక్టరుగారు పుట్టులను నిషేధింతురు. అది మొదటిసారి తెడ్డు పట్టు బిడ్డలకు తగిన చోటు గాదు.

పిల్లూరు నిలుకడ నీరని చెప్పితిమి. అంతమాత్రమున నిర్భయమని తలపరాదు. ఆ జలాశయము పూర్తి మట్టము 100 అడుగులు. అది చిన్న జలాశయము. ఏండ్ల తరబడి పూడిక చేరి మరియు చిన్నదైనది. అందుచే కొండలలో గట్టివాన పడినచో ఒక్క రాత్రిలో పలు అడుగులు పెరుగును. మట్టము 97 అడుగులకు చేరగనే తలుపులెత్తి మిగులు నీటిని భవానిలోనికి విడుతురు. దిగువన మేట్టుపాళయమువద్ద రేవులలో దిగినవారికి మరియొక అపాయము కలదు. వానతో సంబంధము లేకయే, విద్యుచ్ఛక్తి కొరకు విడిచిన నీరు నదిని ఆకస్మికముగ పెంచును. మోకాలిలోతున నిలిచినవాడు కొంతసేపటికి నడుములోతున నుండును. ఇట్లు ఆ రేవులలో ప్రాణములు పోవుట పత్రికలలో పలుమారులు చదివినదే. కావున తిరుగుదారిలో "కొంచెము కాళ్లు తడుపుకొని పోవుదము" అని మేట్టుపాళయమున దిగుట మా ప్రణాళికలో లేదు, ఉండబోదు.

వాన లెక్కను గూర్చి కొన్ని మాటలు. కోయంబత్తూరు కొండల నీడలోని ఊరు. ఏడాదికి ఇచట కురియు వాన సుమారు 600 మొదలు 700 మిల్లీమీటర్లు. 2019 ఆగస్టు మాసమున నీలగిరులలోని అవలాంచి యను చోట ఒక్క దినమున 800 మిల్లీమీటర్లకు మించి కురిసెను. మన ఊరి సంవత్సరపు వానకంటె ఎక్కువ, ఒక్క దినమున! ఆ కొండల నీరు కుందా యేటి ద్వారా పిల్లూరునకే వచ్చును. ఆ దినములలో పిల్లూరు నిండి పొరలెను, భవాని తీరవాసులను హెచ్చరించిరి. మన వీధిలో గొడుగు అవసరము లేదు గదా యని ఆనాడు ఎవరైనను పుట్టి యెక్కియుండినచో ఏమయ్యెడిదో చెప్పనక్కరలేదు. ఏటి వాన వేరు, మన యింటి వాన వేరు. యాత్రకు ముందు చూడవలసినది ఏటి వాన.

ఒక చదరపు కిలోమీటరు నేలపై ఒక సెంటిమీటరు వాన పడినచో అది ఒక కోటి లీటర్ల నీరు. కొండవాలు పలు చదరపు కిలోమీటర్లుండును. ఆ నీరంతయు ఒక్క సన్నని లోయలోనికి దిగును. పత్రికలో వెయ్యి క్యూసెక్కులని చదివినపుడు, సెకనునకు సుమారు 28,300 లీటర్లు పోవుచున్నవని అర్థము చేసికొనవలెను. నీటివేగము రెట్టింపైనచో దాని త్రోపు నాలుగింతలగును. ఈ లెక్కలను మన తొమ్మిదవ తరగతి పిల్లలు చేయగలరు. యాత్రకు ముందువారము వారిచేతనే చేయింపవలెనని ఉపాధ్యాయులను కోరియున్నాము.

వాతావరణశాఖవారు ప్రతిదినము ఉదయము 8.30 గంటలకు గడచిన 24 గంటల వానను కొలుతురు. శనివారపు పట్టికలో కనబడు అంకెలో అధికభాగము శుక్రవారమున పడిన వాన. శనివారము మధ్యాహ్నమున పడిన వాన ఆదివారపు పట్టికలోనే కనబడును. కావున ఒక్కనాటి పట్టికను చూచి తృప్తిపడరాదు. మూడు దినముల అంకెలను వరుసగా చూడవలెను. ఆ శాఖవారి లెక్కలో 64.5 మిల్లీమీటర్లు దాటినది భారీవర్షము, 115.6 మొదలు 204.4 వరకు అతిభారీ వర్షము, దానిపైన మిక్కిలి అతిభారీ వర్షము. పసుపు, నారింజ, ఎరుపు అను రంగులతో ముందస్తు హెచ్చరికలు చేయుచున్నారు. ఈ సమాచారమంతయు నేడు ప్రతివారి చేతి ఫోనులో దొరకుచున్నది. దొరకినదానిని చదివి, చదివినదానికి కట్టుబడుటయే మిగిలిన పని.

నీటిమట్టమొక్కటియే సర్వము గాదనుటకు మూడు విషాదములను మీకు జ్ఞాపకము చేయుచున్నాము. 2019 సెప్టెంబరు 15న, గోదావరి వరదమీద నున్న దినమున, పాపికొండలకు పోవుచున్న పడవ కచ్చులూరువద్ద మునిగెను. 50 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. అక్కడ తప్పినది నీటి లెక్క. 2009 సెప్టెంబరు 30న తేక్కడిలో పెరియారు సరస్సున పడవ బోరగిలి 45 మంది మరణించిరి. గట్టున మృగములను చూచుటకు జనులు ఒక్క ప్రక్కకు ఒరిగిరని చెప్పుదురు. అది వరద గాదు, నిలుకడ నీరే. 2024 జనవరి 18న వడోదరలోని హర్ణి చెరువున బడిపిల్లల విహారమున 12 మంది విద్యార్థులును, ఇద్దరు ఉపాధ్యాయినులును మరణించిరి. పడవలో పరిమితికి మించి ఎక్కించిరి. లైఫ్ జాకెట్లు అందరికిని లేవు. జనవరి మాసము, ఊరిలోని చెరువు, వాన లేదు. ఐనను తల్లులకు కడుపుకోత తప్పలేదు. ఈ మూడింటిని కలిపి చూచినపుడు మనకు తెలియునది ఇది: నీరు అనుకూలముగా నున్నను మనుష్యుని క్రమము తప్పినచో నీరు క్షమింపదు, మనుష్యుడెంత క్రమముగా నున్నను నీరు ప్రతికూలమైనచో క్రమము చాలదు. రెండును కావలెను.

ఈ యాలోచనలతో మేము సిద్ధపరచిన ప్రణాళిక ఇట్లున్నది.

కాలము: జూను మొదలు సెప్టెంబరు వరకు నైరృతి ఋతుపవనము కొండలను తడుపును, అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్యపు వానలు. ఈ ఏడు మాసములు మనకు వద్దు. ఏప్రిలు, మే నెలలలో మధ్యాహ్నపు ఉరుములు, గాలివానలు. నీరును తగ్గి గట్టున బురద, మునిగిన మొద్దులు పైకి తేలును. మార్చిలో పరీక్షలు. కావున సంక్రాంతి గడచినది మొదలు ఫిబ్రవరి ముగియువరకు గల శనివారములే మనకు తగినవి. ఒక శనివారమును నిర్ణయించి, దానికి బదులుగా మరి రెండు శనివారములను ముందే చెప్పియుంచెదము.

నిర్ణయము: యాత్రను గూర్చి మూడుసార్లు తీర్పు చెప్పుకొందుము. బుధవారమున వాతావరణశాఖవారి ముందస్తు సూచనను చూతుము. నీలగిరి, కోయంబత్తూరు, పాలక్కాడు జిల్లాలలో దేనికైనను నారింజ లేక ఎరుపు హెచ్చరిక యున్నచో ఆనాడే వాయిదా. శుక్రవారమున మూడు దినముల వానను, పిల్లూరు మట్టమును చూతుము. ఎగువ కొండలలో ఎచ్చటనైనను భారీవర్షము పడియున్నచో, లేక మట్టము 90 అడుగులు దాటి పెరుగుచున్నచో వాయిదా. ఈ 90 అను హద్దు మాది. తలుపులెత్తు మట్టమునకు ఏడడుగుల ఎడముండుటకై దానిని నిర్ణయించితిమి. శనివారము ఉదయమున నీటిగట్టున పుట్టి నడుపు పెద్దను అడుగుదుము. "నేడు వద్దు" అని ఆయన అన్నచో కారణ మడుగక వెనుదిరుగుదుము. నీరు రంగు మారి ఎఱ్ఱబారుట, ఆకులు కొమ్మలు తేలివచ్చుట, గాలి దిక్కు మారుట మొదలగు గుర్తులు పట్టికలో కనబడవు; ఆ నీటిపై పుట్టి పెరిగినవానికే కనబడును.

క్రమము: పుట్టి మోయగల సంఖ్యకంటె ఒకరిద్దరిని తగ్గించియే ఎక్కింతుము. ప్రతి బిడ్డకును వాని కొలతకు సరిపోవు లైఫ్ జాకెట్టు, గట్టుననే కట్టి ఉపాధ్యాయుడు లాగి చూడవలెను. పుట్టిలో లేచి నిలువరాదు, ఒక్క ప్రక్కకు ఒరుగరాదు, ఫొటోలు గట్టుననే. ఒక్కొక్క బిడ్డ వంతున పెద్దతో కలిసి తెడ్డు పట్టును. మధ్యాహ్న భోజనమునకు ముందే అందరును గట్టెక్కుదురు.

ఇందు మిక్కిలి కష్టమైనది వాయిదా వేయుట. బస్సునకు సొమ్ము చెల్లించి, పులిహోర కట్టించి, పిల్లలు తెల్లవారుజామున లేచి సిద్ధమైన పిదప, "నేడు పోము" అనుటకు ఎంతటి పెద్దలకైనను నోరు రాదు. "ఇంతదూరము వచ్చితిమి గదా, ఒక్క చుట్టు త్రిప్పుదము" అను మాట ఎందరి ప్రాణములనో తీసినది. ఆ మాట మా నోట రాకుండుటకై, హద్దులను ఏటిగట్టున గాక ఈ సభలోనే నిర్ణయించుచున్నాము. వాయిదాపడినచో కలుగు నష్టమును సంఘనిధి భరించునట్లు కార్యవర్గమువారు అంగీకరించిరి. తల్లిదండ్రులకు ఒక్క రూపాయియు పోదు. నష్టము భయముండినచో తీర్పు వంకరపోవును; ఆ భయమును ముందే తీసివేసితిమి. మానుకొనుటకు ఏర్పాటు లేని యాత్ర ఏర్పాటైన యాత్ర గాదు.

ఇంత శ్రమ ఏల, పిల్లలను ఉద్యానమునకు తీసికొనిపోవచ్చును గదా యని ఒక తండ్రిగారు అడిగిరి. మన సంఘము తెలుగుబడిని నడుపుచున్నది భాషను నిలుపుకొనుటకు. భాష పుస్తకమున మాత్రమే నిలువదు. పుట్టి, తెడ్డు, గడ, రేవు, మడుగు, సుడి, ఊబి, తూము, అలుగు, ఎగువ, దిగువ, క్రొత్తనీరు అను మాటలను మన పిల్లలు పాఠమున చదువుచున్నారు. వానిని చూపుమన్నచో చూపలేరు. పుట్టికి తమిళమున పరిసల్ అనియు, తెడ్డునకు తుడుప్పు అనియు, తూమునకు మదగు అనియు అందురు. రెండు మాటలును తెలిసిన బిడ్డకు రెండు ఇండ్లున్నట్లే. ఇరుళ పెద్ద తన మాటలో నీటిని గూర్చి చెప్పుచుండగా, ఉపాధ్యాయుడు దానిని తెలుగున చెప్పును, పిల్లలు తమిళమున మరల ప్రశ్నింతురు. తరగతి గదిలో నెల దినములు చెప్పినను రాని పాఠము ఆ గట్టున ఒక పూటలో వచ్చును. నాలుగైదు వందల యేండ్లుగా పరాయిభూమి కాని ఈ భూమియందు మనము నిలిచినది ఇట్లే: మన మాట విడువక, పొరుగు మాట నేర్చి, ఈ నేల నీటిని ఎరిగి.

తల్లిదండ్రులకు మా విన్నపములు మూడు. అనుమతి పత్రమున సంతకము చేయుటకు ముందు దానిని పూర్తిగా చదువుడు. మీ బిడ్డకు ఉబ్బసము, మూర్ఛ, చెవిబాధ మొదలగునవి యున్నచో దాచక వ్రాయుడు; దానివలన బిడ్డను గేలి చేయువారెవరు నుండరు, గట్టున చేయుటకును పనులు కలవు. ఈత వచ్చినను రాకున్నను నిజము వ్రాయుడు. ఈత వచ్చునను గర్వము లైఫ్ జాకెట్టునకు బదులు గాదు. మూడవది ముఖ్యము. మేము యాత్రను వాయిదా వేసిననాడు మీరు మీ బిడ్డతో, "మీ పంతుళ్లకు పిరికితనము" అనక, "నేడు నీరు మంచిది కాదు, ఇంకొకనాడు పోవుదురు" అని చెప్పుడు. ఆ ఒక్క మాటతో మీరు ఆ బిడ్డకు, జీవితమంతయు పనికివచ్చు పాఠమును నేర్పినవారగుదురు. పెద్దవాడై స్నేహితులతో తానే ఏటికి పోవునపుడు, మనము ఎవరమును ప్రక్కన లేనపుడు, వానిని కాపాడునది ఆ మాటయే.

ఈ ప్రణాళికలో లోపములున్నచో తెలుపుడు, సవరింతుము. హద్దులను ఇంకను బిగింపవలెనన్నచో బిగింతుము. సడలింపుమని మాత్రము అడుగవద్దు. మీ బిడ్డలు మా బిడ్డలు. ఉదయము ఎన్ని తలలు లెక్కించి బస్సెక్కింతుమో, సాయంకాలము అన్ని తలలు లెక్కించి మీకు అప్పగించుటయే ఈ యాత్రయొక్క మొదటి ఫలము. తక్కినదంతయు దాని తరువాతనే.